నరం ద్వారా ఆహారం: మాంగనీసుతో జాగ్రత్త

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే, కాస్త నీరసం వచ్చినా "ఒక గ్లూకోజు సీసా ఎక్కించండి డాక్టరుగారూ" అనే మాట వినబడుతుంది. అయిదు శాతం గ్లూకోజు కలిపిన అరలీటరు సీసాలో ఉండేది పాతిక గ్రాములే. అంటే అయిదారు చెంచాల పంచదార అన్నమాట! దాన్ని ఆహారమనుకోకండి.

నరం ద్వారా ఇచ్చే అసలు ఆహారం వేరు. పేగు పనిచేయని రోగిని ఖమ్మమో, హైదరాబాదో తీసుకువెళితే, అవసరాన్నిబట్టి పెద్దాసుపత్రిలో వారాల తరబడి ఎక్కిస్తారు. అందులో మాంసకృత్తులు, కొవ్వు, విటమినులతోపాటు జింకు, రాగి, మాంగనీసు వంటి లోహాలు కూడా అతి స్వల్పంగా ఉంటాయి. జింకు చాలకపోతే నోటి చుట్టూ పుండ్లు, విరేచనాలు.

చిక్కల్లా మాంగనీసుతోనే. అన్నంలో, ఆకుకూరలో, టీలో అది ఉన్నా, పేగు నూటికి అయిదు పాళ్ళు కూడా లోపలికి రానివ్వదు. నరంలోకి ఎక్కించినప్పుడు ఆ కాపలా ఉండదు. బయటికి పోవడానికి ముఖ్యమైన దారి పైత్యరసం. కామెర్లలో ఆ దారి మూసుకుపోతే మాంగనీసు మెదడులో పేరుకుంటుంది. నడక తడబడుతుంది, ముఖంలో కదలిక తగ్గుతుంది. 1837లో గ్లాస్గోలో మాంగనీసు పొడి మధ్య పనిచేసిన కూలీల్లో కూపర్ అనే వైద్యుడు గమనించినవీ ఇవే. వణుకూ రావచ్చు.

మీ ఇంటివారికి ఈ ఆహారం ఎక్కుతున్నప్పుడు కళ్ళు పచ్చబడినా, నడక మందగించినా వెంటనే చెప్పండి. "మాంగనీసు తగ్గించాలా?" అని అడగడంలో తప్పులేదు. సీసాను మాత్రం మీ అంతట మీరు ఆపించకండి. నోటితో ఎప్పుడు మొదలుపెట్టవచ్చో కూడా అడగండి. డాక్టరు సరేనన్న రోజున రెండు చెంచాల గంజయినా పట్టండి.