మీకు తెలుసా? లెక్క ఒకటే, పటాలు వేరు!

2020 జనగణనలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ జనాభా కోటి దాటింది. టెక్సాస్‌లోని లవింగ్ కౌంటీలో ఉన్నది 64 మందే! దేశంలోని మూడు వేలకు పైగా కౌంటీలను జనాభాను బట్టి పటంలో ఐదు రంగుల్లో చూపాలంటే హద్దులు ఎక్కడ పెట్టాలి?

సుమారు ఇరవై లక్షలకో మెట్టు చొప్పున సమానంగా విడగొడితే దేశమంతా దాదాపు ఒకే లేత రంగు; 60–80 లక్షల మెట్టులో ఒక్క కౌంటీ కూడా పడదు. పోనీ, ఒక్కో రంగుకూ సమాన సంఖ్యలో కౌంటీలు పంచితే పటం కళకళలాడుతుంది. కానీ లక్షన్నర జనాభా ఉన్న కౌంటీకీ లాస్ ఏంజెలెస్‌కూ ఒకే ముదురు రంగు! చూపుకు బాగుంటుంది కాబట్టి ఇదే ఎక్కువ మోసం చేస్తుందేమో.

కాన్సాస్ విశ్వవిద్యాలయ భూగోళ శాస్త్రవేత్త జార్జ్ జెంక్స్ 1967లో మరో దారి చూపారు. ఒక గుంపులోని అంకెలు వీలైనంత దగ్గరగా, గుంపుల మధ్య ఎడం వీలైనంత ఎక్కువగా ఉండేలా హద్దులు ఎంచడం. 1958లో వాల్టర్ ఫిషర్ రాసిన గణిత వ్యాసం ఇలాంటి వర్గీకరణకు పునాది. నేటి పటాల సాఫ్ట్‌వేర్లలో జెంక్స్ పేరుతోనే ఈ పద్ధతి ఉంటుంది. ఒక్కటే చిక్కు: అంకెలు మారితే హద్దులూ మారతాయి. అందుకే 2010, 2020 పటాలను ఇలా విడివిడిగా గీసి పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.