మొదటి నెలే ముఖ్యం!

ఆర్మూరు రైతుకు పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. కడుపులో బిడ్డా అంతే. మొదట్లో తప్పిన తడిని చివర్లో పెడితే ఏం లాభం?

తొలి రెండు మూడు రోజులూ పిండం తల్లి అండంలో దాచిన సరుకుతోనే నెట్టుకొస్తుంది. ఆ తర్వాతే సొంత జన్యువులు జోరుగా పనిలోకి దిగుతాయి. కణాలు పెరగాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి. అందుకు ఫోలిక్‌ యాసిడ్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చేది డీహెచ్‌ఎఫ్‌ఆర్‌ అనే ఎంజైమ్‌. విటమినే కరవైతే అదేం చేస్తుంది?

మెదడు, వెన్నుపాముగా మారే నాళం 28 రోజుల్లోపే మూసుకోవాలి. గర్భం సంగతి తెలిసేసరికే ఆ గడువు చాలావరకు అయిపోతుంది! అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టర్ని అడిగి రోజూ 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టాలి.

అన్నట్టు, 1945లో ఈ విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ బృందానికి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే!