నిమ్మచెక్కను ఎటు తిప్పి పెట్టాలి?

మిట్టమధ్యాహ్నం. బెంగళూరు బస్సు దిగి నలుగురు చుట్టాలు ఇంటికొచ్చారు. అన్నం సంగతి తర్వాత, ముందు చల్లగా ఏదైనా చేతికివ్వాలి. ఫ్రిజ్‌లో నిమ్మకాయలున్నాయి, డబ్బాలో చక్కెర ఉంది, కుండలో నీళ్లున్నాయి. సొరుగు వెతికితే ఎప్పుడో మోజుపడి కొన్న స్టీలు స్క్వీజరూ దొరికింది. చెక్క పెట్టి నొక్కితే సగం రసం గిన్నెలో పడింది. మిగతా సగం మోచేతి మీదుగా కారి చీరకొంగును తడిపింది. ఒక చుక్క కంట్లోకీ చిందింది! 'దీనికంటే చెయ్యే నయం' అనుకుంటూ దాన్ని మళ్లీ సొరుగులో పడేయడం, మళ్లీ వేసవి దాకా దాని జోలికి పోకపోవడం... చాలా ఇళ్లలో జరిగేదే.

నిజానికి తప్పు చాలాసార్లు పరికరానిది కాదు. చెక్కను తిరగేసి పెట్టడం వల్ల వచ్చే తంటా అది. కింది గిన్నె గుండ్రంగా ఉంటుంది, నిమ్మచెక్క వీపూ గుండ్రమే. రెండూ చక్కగా అమరిపోతాయి కాబట్టి కోసిన ముఖం పైకి ఉండేలా పెట్టేస్తాం. అప్పుడు పైనుంచి దిగే గుబ్బ నేరుగా గుజ్జు మీద పడుతుంది. రసం కిందికి దిగే దారిలేక పక్కలకు చిమ్ముతుంది. పెట్టాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. కోసిన ముఖం కిందికి, చిల్లుల వైపు ఉండాలి. తొక్క వీపు పైకి ఉండాలి. గుబ్బ ఆ వీపు మీద నొక్కితే చెక్క మేజోడులా లోపలివైపు బయటికి తిరగబడుతుంది, రసం చిల్లుల్లోంచి సూటిగా కిందికి కారుతుంది. పిండాక తీసి చూస్తే చెక్క బోర్లించిన టోపీలా ఉండాలి. అలా ఉంటే సరిగ్గా పిండినట్టే.

పులుపుకు కరువా?

టమోటా మార్కెట్‌కు పేరుమోసిన మదనపల్లెలో పులుపుకు కరువేమిటి అనిపించవచ్చు. కానీ టమోటా పులుపు దారి వేరు, నిమ్మ దారి వేరు. పొద్దున్నే చిత్రాన్నం కలపాలన్నా, సాయంత్రం బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి తిందామన్నా చివర్లో నిమ్మచెక్క పడాల్సిందే. పుంగనూరు వెళ్తే పొట్టి ఆవులు గుర్తొస్తాయి. వెన్న ఎక్కువుండే పాలకు వాటికి పేరు. ఏ పాలైనా ఇంట్లో పన్నీరు కోసం విరగ్గొట్టాలంటే రెండు చెంచాల నిమ్మరసం చాలు. ఇక మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న కుప్పంలో ఒకే వంటకానికి మూడు పేర్లు వినిపిస్తాయి. తెలుగువాళ్ల చిత్రాన్నం, కన్నడిగుల చిత్రాన్న, తమిళుల ఎలుమిచ్చై సాదం. పేరేదైనా ఇరవై మందికి కలపాలంటే పదీ పదిహేను కాయలు పిండాలి. గోరుచుట్టో, కూరగాయల కత్తి గాటో ఉన్న వేలితో అన్ని కాయలు పిండి చూస్తే ఆ మంట తెలుస్తుంది!

ధర సంగతీ ఉంది. 2022 ఏప్రిల్‌లో దేశమంతటా నిమ్మ ధర చుక్కలనంటి, కొన్ని నగరాల్లో ఒక్కో కాయ పది రూపాయలు దాటింది. అలాంటి రోజుల్లో సగం రసం తొక్కలోనే మిగిలిపోతే ప్రాణం ఉసూరుమంటుంది.

సంచిలో ఒక నిమ్మకాయ

మన వంటింట్లోకి వచ్చేది చిన్న కాయ. పల్చని తొక్క, నిండా రసం, బోలెడు గింజలు. గూడూరు, పొదలకూరు మార్కెట్లకు పేరు తెచ్చిందీ ఈ జాతే. విదేశాల్లో 'లెమన్' అనేది వేరు. అది పెద్దగా, పసుప్పచ్చగా, దళసరి తొక్కతో ఉంటుంది. చాలా స్క్వీజర్లు దాని కొలతకు చేసినవి. అంత పెద్ద గిన్నెలో మన నిమ్మచెక్క పెడితే పక్కకు జారిపోతుంది. గుబ్బ ఒక అంచునే నొక్కుతుంది. మెక్సికోలో మాత్రం మనలాగే చిన్న నిమ్మ వాడతారు. అందుకే అక్కడి తరహా రంగు స్క్వీజర్లలో కొలతకో రంగు పెట్టుకున్నారు. చిన్న నిమ్మకు ఆకుపచ్చ, లెమన్‌కు పసుపు, నారింజకు కాషాయం. మన ఇళ్లకు సరిపడేది ఆ ఆకుపచ్చ కొలతే.

కాబట్టి స్టీలు సామాన్ల అంగడికి వెళ్లేటప్పుడు సంచిలో ఒక నిమ్మకాయ వేసుకెళ్లండి. అంగడాయన నవ్వితే నవ్వనివ్వండి. కాయను గిన్నెలో పెట్టి చూస్తే చుట్టూ కాస్త జాగా మాత్రమే మిగలాలి. తర్వాత ఖాళీ స్క్వీజర్‌ను మూసి చూడండి. గుబ్బ గిన్నె అడుగుకు దాదాపు ఆనుకోవాలి. మధ్యలో వేలు దూరేంత సందుంటే ఎంత బలంగా నొక్కినా చివరి రసం రాదు. చిల్లులు చిన్నవిగా, ఎక్కువగా ఉండాలి. గింజ దూరేంత పెద్ద చిల్లులుంటే మళ్లీ వడగట్టుకోవాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యం పిడి. ఈ పరికరం పనిచేసే తీరు మన అమ్మమ్మల అడకత్తెర లాంటిదే. ఒక చివర శీల, మధ్యలో పోకచెక్క, రెండో చివర చెయ్యి. శీల నుంచి కాయ మధ్యకు 3 సెంటీమీటర్లు, చెయ్యి పట్టుకునే చోటుకు 15 సెంటీమీటర్లు ఉందనుకోండి. మీ చెయ్యి పెట్టే బలం కాయ మీద అయిదింతలై పడుతుంది. పిడి ఇంకో 3 సెంటీమీటర్లు పొడవుంటే ఆరింతలు. ముద్దుగా ఉందని పొట్టి పిడి ఉన్నది కొంటే ఆ తేడా మణికట్టుకే తెలుస్తుంది. పల్చటి రేకుతో చేసిన పిడి అయితే అంచు అరచేతిలో కోసుకుపోతుంది. గుండ్రంగా మడిచిన అంచు ఉన్నదే మేలు. శీల దగ్గర కదిపి చూడండి. ప్లాస్టిక్ రకాలు సాధారణంగా ముందు విరిగేది అక్కడే.

ఏ లోహం మంచిదన్నది ఇంకో సందేహం. పూత లేని అల్యూమినియాన్ని నిమ్మ పులుపు తింటుంది, రసానికి లోహపు రుచి అంటుకుంటుంది. రంగు పూత ఉన్నవి బాగానే ఉంటాయి కానీ పూత పెచ్చులు లేస్తే పక్కన పెట్టేయాల్సిందే. స్టీలు నిశ్చింత. అయస్కాంతం అంటుకోకపోతే మేలు రకం స్టీలని అంగళ్లలో చూపిస్తుంటారు. అది పూర్తిగా నమ్మదగ్గ పరీక్ష కాదు, అంటుకోని చవక రకాలూ ఉన్నాయి.

చీనీకాయకు ఇది చాలదు

చీనీ, కమలా లాంటి పెద్ద కాయలకు నిమ్మకాయ కొలత అడకత్తెర రకం చాలదు. వాటికి గాడులున్న గుబ్బ, చుట్టూ పళ్లెం ఉన్న రకం కావాలి. చెక్కను గుబ్బ మీద బోర్లించి అటూ ఇటూ తిప్పితే చాలు. గాజుదైతే పులుపుకు చెక్కుచెదరదు, జారి పడితే మాత్రం అంతే సంగతులు! ఫ్రాన్స్ డిజైనర్ ఫిలిప్ స్టార్క్ 1990లో ఇటలీ కంపెనీ అలెస్సీ కోసం మూడు కాళ్ల సాలీడులా ఉండే స్క్వీజర్ తయారుచేశారు. మ్యూజియాలకెక్కింది కానీ గింజలు ఆపే ఏర్పాటే లేదు దానికి. మన సంత గాజు పళ్లెమే ఆ పని బాగా చేస్తుంది. తిప్పేటప్పుడు తెల్ల పొర దాకా గీకకూడదు, చేదు దిగుతుంది. చీనీ రసం తీసి ఉంచినా కాసేపటికి చేదెక్కుతుంది. గ్లాసులో పోయగానే తాగేయాలి.

పిండే ముందు, పిండాక

ఫ్రిజ్‌లోంచి తీసిన కాయను అలాగే కోస్తే రసం బిగుసుకుని ఉంటుంది. పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో వేసి, అరచేతి కింద పెట్టి బండ మీద నాలుగుసార్లు దొర్లించండి. తొడిమ నుంచి కొన దాకా నిలువుగా కాకుండా అడ్డంగా కోస్తే తొనలన్నీ తెరుచుకుంటాయి. ఒక్కసారిగా కాక నెమ్మదిగా నొక్కి, ఒక క్షణం ఆపి, చెక్కను కాస్త తిప్పి మళ్లీ నొక్కాలి. మూడోసారి వద్దు. అప్పటికి వచ్చేది రసం కాదు, తొక్కలోని నూనె. చిత్రాన్నంలో చేదంటే చాలాసార్లు అదే. రెండో కారణం పొయ్యి మీదుండగానే పిండటం. పోపు దించి, అన్నం కలిపాకే రసం పోయాలి.

మోకాళ్లలాగే వేళ్ల కీళ్లూ నొప్పులుండే అత్తగార్లకు, అమ్మమ్మలకు రెండు చేతులూ పట్టే పొడవు పిడి రకం ఇవ్వండి. వేళ్లు బిగించి మెలితిప్పే బాధ తప్పుతుంది. ఇంకో జాగ్రత్త అందరికీ. నిమ్మరసం, తొక్క నూనె అంటిన చేతులతో ఎండలోకి వెళ్తే కొందరికి చర్మం కందుతుంది, బొబ్బలు లేస్తాయి, ఆ నల్లమచ్చలు వారాల తరబడి పోవు. వాకిట్లో షర్బత్ కలిపే పిల్లల చేతులు సబ్బుతో కడిగించాకే ఆటకు పంపాలి.

వాడగానే స్క్వీజర్‌ను నీళ్ల కింద పెట్టండి. గుజ్జు ఎండితే చిల్లులు మూసుకుపోతాయి, పుల్లతో పొడుచుకుంటూ కూర్చోవాలి. ఊరగాయ రోజున ఉప్పు తగిలిన స్టీలును అసలే వదిలేయొద్దు, ఉప్పూ పులుపూ కలిస్తే స్టీలు మీదా చుక్కలు పడతాయి. శీల దగ్గర తడి లేకుండా తుడిచి, తెరిచిపెట్టి ఆరబెట్టాలి. పిండిన చెక్కలను పారేయకుండా కాస్త ఉప్పద్ది దేవుడి గదిలోని ఇత్తడి కుందులకు రుద్దండి. ఆ మిగిలిన పులుపు చాలు వాటికి.