బ్యాంకు ఖాతా వివరాలు దర్యాప్తు అధికారి చేతికి ఎలా వస్తాయి?

సూరత్‌లో సానపట్టే ముడి వజ్రాలు చాలావరకు విదేశాల నుంచే వస్తాయి. వాటి సొమ్ము బ్యాంకుల ద్వారా బయటి దేశాలకు వెళ్తుంది. ఈ మామూలు దారే 2014లో ఒక పెద్ద కేసుకు మూలమైంది. వజ్రాలు దిగుమతి చేసుకున్నామంటూ కొన్ని సంస్థలు బ్యాంకుకు ‘బిల్ ఆఫ్ ఎంట్రీ’లు చూపించి, వేల కోట్ల రూపాయలు హాంకాంగ్, దుబాయ్‌లకు పంపాయని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) అభియోగం. సరుకు దేశంలోకి వచ్చినప్పుడు కస్టమ్స్‌కు సమర్పించే పత్రమే బిల్ ఆఫ్ ఎంట్రీ. బ్యాంకులో ఉన్న పత్రాలను కస్టమ్స్ రికార్డులతో పోల్చి చూస్తే, అవి నకిలీవని తేలిందని ఈడీ పేర్కొంది.

మరి ఒకరి ఖాతా వివరాలను అధికారులు ఎప్పుడు, ఎలా తీసుకోవచ్చు?

బ్యాంకు తనంతట తానే చెప్పేది

మనీలాండరింగ్ నిరోధక చట్టం 2002లో రూపొంది, 2005 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం బ్యాంకులు లావాదేవీల రికార్డులను కనీసం 5 ఏళ్లు భద్రపరచాలి. రూ.10 లక్షలు దాటిన నగదు లావాదేవీలను ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు నివేదించాలి. అనుమానాస్పద లావాదేవీ అయితే మొత్తం ఎంత చిన్నదైనా చెప్పాల్సిందే. చిన్న జీతగాడి ఖాతాలో కోట్లు వచ్చి, అదే రోజు వెళ్లిపోవడం అలాంటిదే. ఇలా నివేదించిన సంగతి ఖాతాదారుకు చెప్పకూడదు. అయితే ఈ నివేదిక ఒక ఆచూకీ మాత్రమే, నేరానికి రుజువు కాదు.

అధికారి అడిగి తీసుకునేది

ఈడీ దర్యాప్తుకు ముందు మరో నేరం నమోదై ఉండాలి. సూరత్‌లో అది పోలీసులు పెట్టిన ఫోర్జరీ, మోసం కేసు. ఆ తర్వాత చట్టంలోని 50వ సెక్షన్ కింద బ్యాంకు అధికారులకు సమన్లు ఇచ్చి స్టేట్‌మెంట్లు, ఖాతా తెరిచినప్పటి పత్రాలు తెప్పించుకోవచ్చు. ఈ విషయంలో ఈడీ అధికారికి సివిల్ కోర్టుకున్న అధికారాలుంటాయి.

సోదా చేయాలంటే 17వ సెక్షన్ ప్రకారం, నమ్మడానికి గల కారణాలను ముందుగా రాతపూర్వకంగా నమోదు చేయాలి. స్వాధీనం చేసుకున్న రికార్డులను అట్టే పెట్టుకోవడానికి 30 రోజుల్లోగా అడ్జుడికేటింగ్ అథారిటీని ఆశ్రయించాలి. కారణాలు రాయకుండా సోదా చేసిన అధికారికి 2 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. విదేశీ బ్యాంకుల రికార్డులు కావాలంటే మన కోర్టు ద్వారా ఆ దేశానికి అభ్యర్థన లేఖ పంపాలి.

కాగితం సాక్ష్యంగా మారేది

కంప్యూటర్ ప్రింటవుట్ చెల్లాలంటే ధ్రువపత్రం కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం అందులో ‘హ్యాష్ విలువ’ కూడా ఉండాలి. ఇది ఫైలుకు వేలిముద్ర లాంటిది. షా-256 పద్ధతిలో ఫైలు ఎంత పెద్దదైనా 64 అక్షరాలు, అంకెల వరుసగా మారుతుంది. స్టేట్‌మెంట్‌లో ఒక్క సున్నా మార్చినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. కాబట్టి ఫైలును తర్వాత ఎవరైనా దిద్దితే దొరికిపోతారు.

హైదరాబాద్ నుంచి వచ్చిన తీర్పు

ఈ నియమాలు ఎందుకన్నది హైదరాబాద్ కేసు ఒకటి చెబుతుంది. స్టాంపు డ్యూటీ ఎగవేతను పట్టుకోవడానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టాన్ని సవరించింది. కలెక్టర్ అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయవచ్చన్నది దాని సారాంశం. కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2004లో ఈ నిబంధన చెల్లదని తేల్చింది. పత్రాన్ని బ్యాంకుకు ఇచ్చినంత మాత్రాన ఖాతాదారు గోప్యత పోదని స్పష్టం చేసింది. మరోవైపు ఈడీకి ఉన్న సమన్లు, సోదా అధికారాలను 2022 జూలైలో అదే కోర్టు సమర్థించింది.

సూరత్ కేసులో చేత్తో చేసిన పోలికను ఇప్పుడు కంప్యూటర్లు చేస్తున్నాయి. 2016 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన వ్యవస్థలో కస్టమ్స్ వద్ద ఉన్న బిల్ ఆఫ్ ఎంట్రీ వివరాలు నేరుగా బ్యాంకులకు అందుతాయి. సరుకు రాకుండా సొమ్ము వెళ్తే ఆ లెక్క తేలకుండా కనిపిస్తూనే ఉంటుంది. అలా కనిపించిన తేడాను పట్టుకుని ఒకరి ఖాతా తెరవాలంటే మాత్రం, కారణం కాగితం మీద ఉండాల్సిందే.