ఉప్పు సెల్లుకు పూతే ప్రాణం

మారేడుమిల్లి కొండలకు వెళ్లినవాళ్లు జలతరంగిణి జలపాతంలోనో అమృతధారలోనో తడవకుండా రారు. అది పారే నీరు, దాని సంగతి వేరు. అదే కొండ మీద ఈతకొలను కట్టి నీళ్లు నిలవ పెడితే నాలుగు రోజుల్లో పాచి పడుతుంది, క్లోరిన్ కావాలి. ఘాట్ రోడ్డులో క్లోరిన్ డబ్బాలు మోసుకొచ్చే బదులు ఉప్పు బస్తాలు తెచ్చుకుని, క్లోరిన్‌ను అక్కడికక్కడే పుట్టించే యంత్రమే ఉప్పునీటి క్లోరినేటర్.

సముద్రపు నీట్లో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే ఈ కొలనులో 3, 4 గ్రాములు చాలు. 50 వేల లీటర్లకు 150 నుంచి 200 కిలోలన్నమాట. పంపు దగ్గర పైపుకు బిగించిన సెల్‌లో టైటానియం రేకులుంటాయి. కరెంటు పారితే ఒక రేకు దగ్గర క్లోరిన్, ఎదుటి రేకు దగ్గర హైడ్రోజన్, కాస్టిక్ సోడా పుడతాయి. క్రిముల్ని చంపాక క్లోరిన్ తిరిగి క్లోరైడుగా మారుతుంది కనుక ఉప్పు పెద్దగా తరగదు. గోదావరి అవతల సగ్గొండలో ఆంధ్రా షుగర్స్ వారి కాస్టిక్ సోడా కర్మాగారంలో జరిగేదీ ఈ చర్యే.

ఉప్పునీటిలోకి కరెంటు పంపడం 1800లోనే విలియం క్రూక్‌షాంక్ చేశాడు. చిక్కల్లా క్లోరిన్ పుట్టే రేకు, అంటే ఆనోడుతోనే. గ్రాఫైటు అరిగిపోయేది. ప్లాటినం కొనలేం. టైటానియం తుప్పు పట్టదు గానీ, ఆనోడుగా పెట్టగానే ఒంటినిండా ఆక్సైడు పొర కప్పుకుని కరెంటునే ఆపేస్తుంది. 1960లలో డచ్ ఆవిష్కర్త హెన్రీ బీర్ దాని మీద రుథేనియం, టైటానియం ఆక్సైడ్ల మిశ్రమాన్ని పూతగా వేసి ఈ ముడి విప్పాడు. ఎంత గొప్ప పని! మన దేశంలో కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ కూడా ఇలాంటి ఆనోడ్లను రూపొందించింది.

ఆ పూత మందం కొన్ని మైక్రాన్లే, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచన. సెల్ ఆయుష్షంతా అందులోనే ఉంది. సోడా పుట్టే రేకు దగ్గర నీటిలోని కాల్షియం తెల్లగా గార కడుతుంది. దాన్ని వదిలించడానికే యంత్రం కొన్ని గంటలకోసారి ప్లస్, మైనస్ మారుస్తుంది. అయినా గార మిగిలితే స్క్రూడ్రైవరుతో గోకేవాళ్లున్నారు. గారతో పాటు పూతా లేచిపోతుంది.

పద్ధతి ఇది. కరెంటు ఆపి, సెల్ ఊడదీసి, ముందు నీటి ధారతో కడగాలి. పోకపోతే పది పాళ్ల నీటిలో ఒక పాలు హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలపాలి. నీటిలోకే యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లోకి నీళ్లు పొయ్యకూడదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, ఆరుబయటే చెయ్యాలి. బ్లీచింగ్ పౌడరు దరిదాపుల్లో ఉండకూడదు, యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది. సెల్‌లో పోయగానే బుసబుసమని బుడగలొస్తాయి. అవి తగ్గగానే, పది పదిహేను నిమిషాల్లోపే, పారబోసి కడిగెయ్యాలి. గార లేకపోయినా నెలనెలా యాసిడ్ పోస్తే తరిగేది పూతే.

మన్యంలో వానలు వేరే పరీక్ష పెడతాయి. నిండుగా ఉన్న 40 చదరపు మీటర్ల కొలను మీద 10 సెంటీమీటర్ల వాన కురిస్తే 4 వేల లీటర్లు పొర్లిపోతాయి, పది కిలోలకు పైగా ఉప్పు వాటితోనే వెళ్తుంది. శీతాకాలంలో చల్లటి నీళ్లలో కరెంటు సరిగా పారదు, చాలా యంత్రాలు వాటంతటవే ఆగిపోతాయి. రెండు సందర్భాల్లోనూ మీటరు ‘ఉప్పు తక్కువ’ అనే చూపించవచ్చు. అరిగిన సెల్‌కూ అదే హెచ్చరిక. కాబట్టి బస్తా విప్పే ముందు నీటిలో ఉప్పెంతుందో విడిగా పరీక్షించాలి. ఉప్పు సరిపోయి, రేకులు శుభ్రంగా ఉండి, నీళ్లు వెచ్చగా ఉన్నా క్లోరిన్ రావడం లేదంటే పూత అయిపోయినట్టే. ఇక కొత్త సెల్ వేయించుకోవాల్సిందే.