సెల్ఫీ అయ్యాక... ఒక్క ప్రశ్న!

కాలేజీ స్టడీ టూర్‌లో సింగపూర్ వెళ్తున్నారా? క్యాంపస్‌లు, పరిశ్రమలు చూసే రోజులకైతే పక్కాగా టైమ్‌టేబుల్ ఉంటుంది. మధ్యలో 'సిటీ టూర్' అని ఒక రోజు వేస్తారు చూడండి, దాన్నే ఎవరూ పట్టించుకోరు. బస్సు దిగడం, ఫొటో దిగడం, మళ్లీ బస్సెక్కడం. సాయంత్రానికి ఫోన్లో నాలుగొందల ఫొటోలుంటాయి. ఇంటికొచ్చాక 'ఏం చూశావురా?' అని నాన్న అడిగితే మాత్రం నాలుగు ముక్కలు దొరకవు. అప్పు చేసి పంపిన ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నట్టే కదా!

ఆ బాకీ తీర్చడానికి ఓ చిన్న ఉపాయముంది. వెళ్లేటప్పుడే మీ ఊరి ప్రశ్న ఒకటి వెంట తీసుకెళ్లండి.

ముందు ధవళేశ్వరం

విమానం ఎక్కే వారం ముందు ఒక పూట ధవళేశ్వరం వెళ్లి రండి. 'చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే కదా' అనకండి. చూడటం వేరు, లెక్క తెలుసుకోవడం వేరు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేయించారు. అది పాతబడ్డాక కట్టిన ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. 1986 ఆగస్టు వరదలో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. అక్కడే ఉన్న కాటన్ మ్యూజియం కూడా చూసి, ఈ అంకెలు నోట్‌బుక్‌లో రాసుకోండి. సింగపూర్‌లో పనికొస్తాయి.

ఉదయం: మెర్‌లయన్

సిటీ టూర్ సాధారణంగా మెర్‌లయన్ దగ్గరే మొదలవుతుంది. సింహం తల, చేప ఒళ్లు ఉన్న బొమ్మ నోట్లోంచి నీళ్లు దూకుతుంటాయి. అందరూ ఫొటోల మీద పడతారు. మీరూ దిగండి, తప్పేం లేదు. తర్వాత రెండు నిమిషాలు ఆ నీళ్ల వంక చూడండి. ఇక్కడి సింగపూర్ నది ఒకప్పుడు మురికి కాలువలా కంపు కొట్టేది. 1977 నుంచి పదేళ్లపాటు పట్టుబట్టి శుభ్రం చేశారు. ఇప్పుడు మీ ఎదురుగా ఉన్నది ఉప్పునీటి సముద్రం కాదు, మంచినీటి జలాశయం. మధ్యాహ్నం చూడబోయే కట్ట పుణ్యమే అది.

మధ్యాహ్నం: మెరీనా బ్యారేజ్

లిటిల్ ఇండియాలో భోజనం అయ్యాక బృందం గార్డెన్స్ బై ద బేకి వెళ్తుంది. అక్కడి నుంచి మెరీనా బ్యారేజ్‌కి నడిచే వెళ్లొచ్చు. టూర్ ప్లాన్‌లో లేకపోతే మీ సార్‌ని ముందే అడిగి గంట సంపాదించండి. 

2008లో ప్రారంభమైన ఈ బ్యారేజీకి గేట్లు 9. 'ఓస్, ఇంతేనా? మాకు 175' అనిపిస్తుంది. తొందరపడకండి. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు భారీ వాన పడితే గేట్లు దించి నీళ్లు వదిలేస్తారు. అదే పోటు సమయంలో పడితే? గేట్లు తెరిస్తే సముద్రమే లోపలికొస్తుంది. అందుకే 7 భారీ పంపులు పెట్టారు. గేట్లు మూసి, నీటిని సముద్రంలోకి తోడేస్తారు.

ఇప్పుడు కోనసీమను తలుచుకోండి. వాన ముంచెత్తిన రోజే సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్లలో నీరు దిగదు, చేలు మునిగే ఉంటాయి. 2011లో అక్కడి రైతులు పంట విరామం ప్రకటించడానికి గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు ఈ ముంపు బాధ కూడా ఒక కారణం. సమస్య ఒకటే. మరి మందు?

నోట్‌బుక్ తీయండి. ఆ 7 పంపులూ కలిసి తోడేది సెకనుకు 280 ఘనపు మీటర్లు, అంటే సుమారు 9,900 క్యూసెక్కులు. గోదావరి వరదకు అది ఏ మూలకీ రాదు. కానీ ఊరి డ్రెయిన్‌కో? ఎంత పంపు కావాలన్నది మెకానికల్ వాళ్ల ప్రశ్న. తుపాను వేళ కరెంటు ఎలా అన్నది ఎలక్ట్రికల్ వాళ్లది. ఖర్చు ఎవరు భరించాలన్నది కామర్స్ వాళ్లది. డ్రెయిన్‌లో పూడిక, గుర్రపుడెక్క తీయకుండా పంపు పెట్టి ఏం లాభం అన్నది మీ తాతయ్య ప్రశ్న. అన్నింటికన్నా ముందు అడగాల్సింది అదే!

గుంపులో గోవిందా కాకుండా

* ఇద్దరిద్దరు జట్టుగా ఉండండి. హోటల్ చిరునామా కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్‌ను నమ్మొద్దు.
* మెట్రో రైల్లో తిన్నా, తాగినా 500 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. జంతికలు బ్యాగులోనే ఉంచండి.
* కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. ఖాళీ సీసా వెంట ఉంటే డబ్బులు మిగులుతాయి.
* అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. రాత్రి 9కి మీరు ఫోన్ చేస్తే ఇక్కడ సాయంత్రం ఆరున్నర.
* ఒకరి ఆలస్యం నలభై మందికి శిక్ష. చెప్పిన టైముకి పది నిమిషాల ముందే బస్సు దగ్గరుండండి.

రాత్రి: ఒక పేజీ

హోటల్‌కి చేరాక ఫొటోలు అప్‌లోడ్ చేసే ముందు ఒక్క పేజీ రాయండి. ఏం చూశాను, మా ఊళ్లో దీనికి సాటి ఏది, తేడా ఎక్కడ? ఈ మూడూ చాలు. రేపు ఇంటర్వ్యూలో 'ఫారిన్ టూర్‌లో ఏం నేర్చుకున్నారు?' అని అడిగితే, మెర్‌లయన్ బావుందని అందరూ చెబుతారు. మీరు మాత్రం ధవళేశ్వరం నుంచి మొదలుపెట్టి మాట్లాడతారు.

నాన్న అడిగినప్పుడు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. చేలో నిలిచిన నీళ్ల గురించి ఆయనకు తెలిసినంత మీకు తెలియదు. మీరు చూసొచ్చిన పంపుల సంగతి ఆయనకు తెలియదు. ఆ రెండూ కలిసి కూర్చున్న రోజే మీ టూర్ పూర్తయినట్టు.