కుందేలు నడుముకి సూదుల వైద్యం

పశువుల సంగతి మాట్లాడతానంటే పాడిగేదె గురించో, పెరటికోళ్ల గురించో అనుకుని వుంటారు. నేను ఇవాళ చెప్పబోయేది కుందేలు గురించి. అదీ, వెనక కాళ్లు పడిపోయిన కుందేలు గురించి. నవ్వుకోకండి. మా పొన్నూరులో మా వీధిలోనే నాలుగిళ్లల్లో కుందేళ్లున్నాయి. పిల్లలు పేచీపెట్టి కొనిపించుకుంటారు, నాలుగు రోజులు ముద్దుచేస్తారు. ఆ తర్వాత గడ్డి వేసేదీ, పెంటికలు ఎత్తేదీ మనమే గదా!

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో పిల్లలంతా చేరారు. మా మనవరాలి కుందేలు పేరు ముత్యం. వచ్చిన పిల్లల్లో ఒకడు దాన్ని చెవులు పట్టుకుని పైకి లేపాడు. అది బెదిరిపోయి వెనక కాళ్లతో గాలిలో ఒక్క తన్ను తన్నింది. కిందికి దింపేసరికి ముందుకాళ్లతో పాకుతూ, నడుము నుంచి కిందిభాగాన్ని ఈడ్చుకుపోతున్నది. “అమ్మమ్మా, దానికి కాళ్లు లేవే!” అని మా మనవరాలు ఒకటే ఏడుపు.

తన్నితే తన నడుమే విరగడమేమిటని మీకు అనుమానం రావచ్చు. కుందేలు ఒంటి బరువులో ఎముకల వంతు నూటికి ఏడెనిమిది మాత్రమే. పిల్లికైతే 12, 13 వంతులుంటుంది. కుందేలు ఎముకలు అంత తేలిక. తొడల కండలు చూద్దామా, మహా బలం. కాళ్లకి ఆనిక లేకుండా తన్నిందంటే ఆ విసురంతా నడుము చివరి పూసల మీద పడుతుంది. పూస చిట్లవచ్చు, పక్కకి తొలగవచ్చు, లోపలి వెన్నుపాము నలగవచ్చు. అందుకే కుందేలుని ఎత్తేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కిందా, ఇంకో చెయ్యి పిరుదుల కిందా పెట్టి, మన ఒంటికి ఆనించుకోవాలి. బొమ్మల్లో చూపించినట్టు చెవులు పట్టుకుని ఎత్తకూడదు.

ఆ పూట మా ఇంట్లో తలా ఒక సలహా. ఆముదం రాసి మర్దనా చెయ్యమని ఒకరు. కాళ్లు పడిన దూడలకి వెనకటికి పెట్టినట్టు సన్నటి వాత పెట్టమని ఒక పెద్దాయన. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ గొట్టం విప్పి పాలల్లో కలిపి పొయ్యమని ఇంకొకరు. “సూది వేయించి దాని బాధ తప్పించండి అత్తయ్యగారూ,” అన్నాడు మా అల్లుడు. అతనిదీ జాలే, తప్పు పట్టను. ఈ సందట్లోనే మా తోడికోడలు, “అక్కయ్యా, నా మోకాళ్లకి ఆక్యుపంక్చర్ చేసినాయన వున్నాడు, తీసుకెళదామా?” అన్నది.

వీటిల్లో ఒక్కటీ చెయ్యలేదు. అట్టపెట్టె అడుగున తువ్వాలు పరిచి, కదలకుండా దాన్ని అందులో పెట్టి, పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. మర్దనా చేస్తే తొలగిన పూస ఇంకా తొలుగుతుందట. అమాక్సిసిలిన్ కుందేలు నోట్లో పోస్తే కడుపులో వుండవలసిన మంచి క్రిములు చచ్చి, కుందేలే చచ్చిపోవచ్చునట. ఇది మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

డాక్టరుగారు దాని కాలివేళ్లు గట్టిగా నొక్కి చూశారు. కాలు వెనక్కి లాక్కున్నది. “అదొక్కటే చాలదమ్మా, తెలివి లేకపోయినా కాలు లాక్కుంటుంది. తల తిప్పి చూసిందా లేదా అన్నది ముఖ్యం,” అన్నారు. తిప్పి చూసింది. అంటే నొప్పి మెదడుదాకా చేరుతున్నదన్నమాట. ఎక్స్‌రేలో విరుగు కనిపించలేదు. నొప్పికి మందు, నాలుగు వారాలు ఇరుకు గూట్లో విశ్రాంతి అని చెప్పారు. నేను సూదుల మాట ఎత్తితే, “ఏం జబ్బో తెలిశాకనే ఏ వైద్యమైనా,” అన్నారు. కుందేళ్లలో ఎన్‌సెఫాలిటోజూన్ అని ఒక సూక్ష్మజీవి వుందట. అది మెదడునీ, మూత్రపిండాలనీ పట్టుకుంటే దెబ్బ తగలకుండానే వెనక కాళ్లు పట్టు తప్పుతాయి, మెడ ఒక పక్కకి వాలిపోతుంది. దానికి ఫెన్‌బెండజోల్ మందు 28 రోజులు వాడతారు. వయసు మళ్లిన కుందేలుకి పూసల మధ్య ఎముక పెరిగి నడుము బిగుసుకుపోవడం ఇంకొక రకం. విరిగిన పూసని సూది అతకదు. సూక్ష్మజీవిని చంపదు.

మరి సూది ఏం చేస్తుంది? నొప్పిని కొంత తగ్గించవచ్చు, బిగిసిన కండని వదులు చెయ్యవచ్చు. ఇందులో ఒక విచిత్రం వుంది, వినండి. 1970ల మొదట్లో పీకింగులో హాన్ జిషెంగ్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ కుందేళ్లకి ఆక్యుపంక్చర్ చేసి, వాటి మెదడు చుట్టూ వుండే ద్రవాన్ని తీసి, సూదులు వెయ్యని కుందేళ్లకి ఎక్కించారు. వీటికీ నొప్పి ఓర్చుకునే శక్తి పెరిగింది. సూది గుచ్చినప్పుడు ఒంట్లోనే నొప్పి తగ్గించే రసాయనాలు పుడతాయని దాని అర్థం. మనుషుల వైద్యానికి రుజువు చెప్పడానికి కుందేలే పనికొచ్చింది గాని, దాని నడుం నొప్పికి ఈ వైద్యం ఎంతవరకు పనిచేస్తుందని పట్టి పరీక్షించినవారు బహు తక్కువ. వెన్నుజబ్బు వచ్చిన కుక్కల్లో మందులతోపాటు సూదులు కూడా వాడితే మేలు కనిపించిందని కొన్ని పరిశీలనలున్నాయి. కుందేళ్లకి ఆ లెక్కనే చేస్తున్నారు. వేల ఏళ్ల నాటి వైద్యం గనక మంచిదేనంటారు కొందరు. వాతలూ పాతవేనండీ!

మూడోవారంలో మందు తగ్గించగానే ముత్యం పళ్లు కొరకడం మొదలుపెట్టింది. కుందేలు మామూలుగా అరవదు. పళ్లు పటపటమని గట్టిగా కొరికిందంటే బాధపడుతున్నదని తెలుసుకోవాలి. అప్పుడు మా డాక్టరుగారే, ఆక్యుపంక్చర్ నేర్చుకున్న పశువుల డాక్టరొకరు బెజవాడలో వున్నారని చెప్పి చీటీ రాసిచ్చారు. మోకాళ్లకి సూదులు వేసే ఆయన చేత మాత్రం వేయించవద్దన్నారు. కుందేలు చర్మం పల్చన, ఛాతీ చిన్నది, రవ్వంత లోతు ఎక్కువైతే సూది ఊపిరితిత్తుల్లో దిగుతుంది.

నిడుబ్రోలు స్టేషనులో తెల్లవారుజాము బండి ఎక్కి వెళ్లేవాళ్లం. వారానికొకసారి చొప్పున ఆరుసార్లు. వెంట్రుకలాంటి సన్నటి సూదులు వెన్నెముకకి అటూ ఇటూ, తోకకి కాస్త పైన, మోకాలి కింద వేసి పది నిమిషాలు వుంచేవారు. మా మనవరాలి ఒడిలోనే, ఎదురుగా గరిక పెట్టుకుని. ముత్యం కదలకుండా వుంటే నేను సంతోషపడ్డాను. “తొందరపడకండి. భయంతో కూడా కుందేలు కొయ్యబారిపోతుంది. గరిక నములుతున్నదా చూడండి, నమిలితే సుఖంగా వున్నట్టు,” అన్నారు ఆ డాక్టరుగారు. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా వుండటం కూడా అలాంటి భయమేనట. మొదటిసారి నమల్లేదు. మూడోసారి నమిలింది.

అసలు కష్టం ఇంటి దగ్గర. కుందేలు వేసే మెత్తటి పెంటికలు, ద్రాక్షగుత్తిలా వుండేవి, అది వొంగి నోటితో అందుకుని తినాలి. అది దాని ఆరోగ్యానికి అవసరం. నడుము వొంగకపోతే అవి అక్కడే అంటుకుపోతాయి. మూత్రంతో తడిసి తోలు ఊడుతుంది, ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్కరోజులో పురుగు పడుతుంది. రోజూ పొద్దునా సాయంత్రం తోక కింద చూసి, గోరువెచ్చని నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టేదాన్ని. మూత్రం సరిగా పోకపోతే పొట్ట ఎలా నొక్కాలో డాక్టరుగారు చూపించారు. చూపించకుండా ఎవరూ నొక్కకూడదు. ఒక పూట మేత ముట్టకపోతే మర్నాటిదాకా ఆగకూడదు, దాని పేగు కదలిక ఆగిపోతుంది. మన ఎండలు వేరే శత్రువు. వేసవిలో గూటి చుట్టూ తడిపిన గోనెపట్టాలు కట్టాను.

ఇంకొకటి, మా ఇంట్లో నాపరాళ్ల గచ్చు. కుందేలు పాదానికి కుక్కకున్నట్టు మెత్తటి దిండు వుండదు, బొచ్చే. నున్నటి నేలమీద కాళ్లు అటొకటి ఇటొకటి జారతాయి. టైల్సయినా అంతే. ఇనప తీగల బోనులో అయితే మడమలు పుండ్లు పడతాయి. నడిచేచోటల్లా గోనెపట్టా పరిచాం.

ముత్యం ఇప్పుడు నడుస్తున్నది. ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది, మునుపటిలా మెట్లు ఎగరదు. మందు చేసిందా, విశ్రాంతి చేసిందా, సూదులు చేశాయా అని మా తోడికోడలికీ నాకూ వాదం. ఆవిడ సూదులేనంటుంది. నేను నాలుగు వారాల గూటికే ఎక్కువ మార్కులు వేస్తాను. మా మనవరాలు మాత్రం ఇద్దరి మాటా వినదు. ఇంటికి పిల్లలొస్తే, ముందు కింద కూర్చోబెట్టి, ఒళ్లో తువ్వాలు పరిచి, అప్పుడు గాని దాన్ని చేతికివ్వదు.